తెల్ల గిన్నెలో నల్ల మచ్చ

గిన్నె అడుగున పూత లేచిపోయి నల్ల మచ్చ పడింది. అది ఏ రోజు పడిందో నేను రాసుకోలేదు. ఇంట్లో జరిగేవన్నీ తేదీ వేసి రాసుకునే మనిషికి ఇది చిన్నతనమే. పోయిన మంగళవారం ఉదయం ఏడుంబావుకు పక్కింటి నీళ్ల తొట్టిలో గిన్నె ముంచి తీసినప్పుడు ఆవగింజలో సగమంత నలుపు కనిపించింది. పురుగనుకున్నాను. గిన్నెను అటూ ఇటూ వంచాను. నీళ్లు కదిలాయి గానీ అది కదల్లేదు.

కొత్త గిన్నె కోసం ప్రొద్దుటూరు బజారులో నాలుగంగళ్లు తిరిగాను. తెల్లటి పింగాణీ పూత గిన్నె కావాలంటే నాలుగో అంగడాయన నా మొహంలోకి చూశాడు.

"అవి ఇప్పుడు యాడ దొరుకుతాయవ్వా? స్టీలుది తీసుకో. నీ మనవరాలి కాలం దాకా ఉంటాది."

"స్టీలుదాంట్లో పురుగు కనపడదు నాయనా."

"కనపడకపోతేనే కదవ్వా మంచిది," అన్నాడాయన.

ఆయన తప్పేమీ లేదు. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ అనుకోవడాన్ని మాన్పించిన పిల్లే నాకు ఈ గిన్నె ఇచ్చింది.

ఆ పిల్ల పేరు రాయడం లేదు. రాయొద్దని తనే చెప్పింది. "నా పేరు రాస్తే వీధిలో అందరి పేర్లూ రాయాల. నలభైమూడిండ్లు. నీ పుస్తకం సాలదవ్వా," అంది. నిజానికి మా వీధిలో నలభైనాలుగిళ్లు. తాళం వేసిన ఇల్లొకటి ఉంది, దాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. తాళం వేసిన ఇంట్లోనూ తొట్టి ఉంటుందని, అందులో వాన నీళ్లు నిలుస్తాయని తరువాత నేనే గుర్తుచేశాను. ఆ రోజు నన్ను చూసిన చూపు ఇంకా జ్ఞాపకం ఉంది. తప్పు పట్టినందుకు నొచ్చుకోలేదు. పోయిన వస్తువు దొరికినట్టు చూసింది.

వీధిలో ఆమెకు వేరే పేరు పెట్టారు. పురుగుల పిల్ల. ముందు వెక్కిరింపుగా అన్నారు, తరువాత మామూలుగా అన్నారు. చివరికి ఆమే ఫోనులో ఎవరితోనో "నేనప్పా, పురుగుల పిల్లను మాట్లాడతాండా" అనడం నా చెవులతో విన్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పైఒక్క ఏళ్లు పనిచేశాను. దూరపు ఊళ్ల ట్రంక్ కాల్ కలిపిన నిమిషం, తెగిన నిమిషం చీటీ మీద రాయడం నా ఉద్యోగం. ఉద్యోగం అయిపోయాక కూడా చెయ్యి ఊరుకోలేదు. కొళాయి వచ్చిన నిమిషం, ఆగిన నిమిషం రాయడం మొదలుపెట్టాను. మా వీధికి అప్పట్లో మూడు రోజులకొకసారి నీళ్ల వంతు. ఏ రోజు ఎంతసేపు వచ్చాయో నా పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆ పుస్తకం ఎవరికైనా పనికొస్తుందని మాత్రం నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చింది తొలకరి పడిన తరువాతి బుధవారం. ఎదురింటి తురకల పిల్లే. వాళ్ల నాన్న నగల బజారులో బంగారానికి మెరుగు పెడతాడు. అన్న కువైట్‌లో ఉంటాడు. అప్పటికి డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. చంకలో మూడేళ్ల మేనకోడలు, చేతిలో తెల్ల గిన్నె, నడుములో దోపిన టార్చి. గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అవ్వా, మన తొట్టి ఒకసారి సూసిపోతా."

"మన తొట్టి కాదు, నా తొట్టి. అందులో ఏమీ ఉండవు. నేను శుభ్రంగా ఉంచుతాను."

"ఉండవని నాకూ తెలుసు. సూసి పోతా."

మా పెరట్లో తొట్టి నాపరాళ్లతో కట్టింది. ఎనిమిది మంది ఉన్న ఇంటికని మా మామగారు కట్టించారు. ఇప్పుడు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ పిల్ల మేనకోడల్ని దించి, ఓణీ చెంగు నడుముకు చుట్టి, తొట్టి అంచున గొంతుక్కూర్చుంది. టార్చి వేసి ఊపిరి బిగబట్టింది. తొందరగా చూసి పోతుందనుకున్నాను. కదలదే. నా గడియారంలో నిమిషన్నర అయింది.

"ఏం చూస్తున్నావు?"

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. కాసేపటికి నెమ్మదిగా చెప్పింది. "మన నీడ పడితే అడుక్కి పోతాయవ్వా. కదలకుండా ఉంటే మళ్లీ పైకి వస్తాయి. వాటికీ ఊపిరి కావాల కదా."

తొట్టిలో ఏమీ లేవు. నేను గర్వంగా నిలబడ్డాను. ఆమె లేచి పెరడంతా ఒకసారి చూసి, మూలనున్న పాత రుబ్బురోలు దగ్గరికి పోయింది. మిక్సీ వచ్చాక ఆ రోలును ఎవరూ ముట్టుకోలేదు. గుంటలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. గిన్నె ముంచి తీసి, మాట్లాడకుండా నా ముందు పట్టుకుంది. తెల్లటి అడుగు మీద వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

ఆమె పద్ధతి అంతే. దొరికినప్పుడు 'చూశారా' అనేది కాదు, 'ఛీ' అనేది కాదు. గిన్నెను ఇంటివాళ్ల కళ్ల ముందు పట్టి ఒకే మాట అడిగేది.

"కనపడిందా?"

నేను కళ్లద్దాలు సర్దుకుని వంగాను. "పద్నాలుగు," అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. "ఇంతవరకు ఇరవై ఇండ్లు తిరిగినా. అందరూ మొహం తిప్పుకున్నారు. లెక్కపెట్టింది నువ్వొక్కదానివే అవ్వా."

ఆ తరువాత అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ, వాళ్ల వదిన సంగతి చెప్పింది. ముందటేడు వానాకాలంలో ఆమె చనిపోయిందని నాకు తెలుసు గానీ ఎలాగో తెలియదు. డెంగీ జ్వరం. నాలుగో రోజు జ్వరం తగ్గింది. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. వదిన లేచి తల దువ్వుకుని పిల్లకు అన్నం తినిపించిందట. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయంటే జ్వరం పోయింది కదా, అందుకే అనుకున్నారు. ఆ మరుసటి రోజుకు మనిషి లేదు. అన్న కువైట్ నుంచి అంత్యక్రియలు ఫోనులో చూశాడు.

"జ్వరం ఉన్నప్పుడు భయపడినాం. తగ్గినాక భయపడల్యా. తగ్గినాకే భయపడాలంట. మాకెవురికీ తెలీదు," అంది. ఒళ్లో ఉన్న మేనకోడలు నా కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి ఆడుతోంది. పాప తల మీద చెయ్యి వేసి, "దీనికి రాకూడదు అవ్వా. అందుకే తిరుగుతాండా," అంది.

ఆమె తిరుగుడంతటికీ మూలం ఆ ఒక్క మాట. ఉపన్యాసాల్లో ఆమె ఎన్ని చెప్పినా నాకు మాత్రం ఆ మాటే వినిపించేది.

ఆరోగ్య శాఖ వాళ్లు వారానికొకసారి, శుక్రవారం, తొట్లన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని ఎప్పటినుంచో చెబుతున్నారు. మా వీధిలో అందరూ తల ఊపేవాళ్లు, ఒక్కరూ చేసేవాళ్లు కాదు. ఎందుకో ఆ పిల్ల ఇంటింటికీ పోయి కనుక్కుంది. వ్యాపారస్థుల ఇళ్లలో శుక్రవారం పూట ఇంట్లో నీళ్లు పారబోయడం, పాత్ర ఖాళీగా ఉంచడం అశుభం. తురకల ఇళ్లలో శుక్రవారం జుమ్మా నమాజు, స్నానాలకు తొట్టి నిండుగా ఉండాలి. నేతగాళ్ల ఇళ్లలో మాత్రం శుక్రవారానికి పట్టింపు లేదు. కానీ మూడు రోజుల కోసం పట్టుకున్న నీళ్లను ఏ వారమైనా ఎందుకు ఒలకబోస్తారు?

ఇది తెలుసుకున్న రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, "అవ్వా, నీ కొళాయి పుస్తకం ఒకసారి ఇస్తావా?" అంది. రెండు రోజులు పెట్టుకుని తెచ్చింది. వేలితో చూపిస్తూ చెప్పింది.

"వంతు పొద్దున ఆరున్నరకూ ఏడుకూ మధ్యలోనే వస్తాండాది. ఆ దినం ఐదున్నరకు అందరి తొట్లూ అడుగంటి ఉంటాయి. అప్పుడు తోమితే ఒక్క చెంబు నీళ్లు గూడా వృథా పోవు. ఒలకబోయమంటే ఎవురూ ఒలకబోయరు అవ్వా. అయిపోయిన తొట్టిని తోమమంటే తోముతారు."

ఆ పురుగు దోమ కావడానికి మన ఎండల్లో ఎనిమిది రోజులైనా పడుతుంది. రెండు వంతులకొకసారి తోమితే ఆరు రోజులే. లెక్క సరిపోయింది. నేను రెండుసార్లు వేసి చూశాను. ఖాళీ చేస్తే చాలదనీ, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి పీచుతో రుద్దాలనీ ఆమె చెప్పింది.

ఇంకో నలుగురిని పోగేసింది. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడు, మా పక్కింటి నేతగాడి కూతురు, ఇంటరు చదివే కవలలు ఇద్దరు. తోమిన ఇంటివాళ్లు కరెంటు మీటరు పెట్టె కింద సుద్దముక్కతో ఒక గీత పెట్టాలి. ఆ గీతలన్నీ నేను పుస్తకంలోకి ఎక్కించాలి. నాకు ఆ పని బాగా నచ్చింది. దాచుకోవడమెందుకు, ఎక్స్ఛేంజి వదిలాక అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

మొదట్లో వీధంతా ఆటపట్టించింది. పక్కింటి నేతగాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు.

"ఏమ్మే పురుగుల పిల్లా, మీ దోమలు నా గుంతలో కాపురం పెట్టినాయి. అద్దె అడిగి సెప్పు."

"పగటిపూట కుట్టే దోమ అది, మామా. కాళ్లు గుంతలో పెట్టి కూసుంటే కుట్టక ఏం జేస్తాది? కాళ్లు పైన పెట్టుకో."

"కాళ్లు పైన పెడితే చీర యాడ వస్తాది? గాల్లో నేయమంటావా?"

"అయితే తొట్టి తోము. కాళ్లు నీ ఇష్టం."

ఆయన ఆ వంతుకే తోమాడు. మీటరు కింద గీత బారెడు పెట్టాడు. ఇంత పొడుగెందుకని అడిగితే, అవ్వకు దూరం నుంచి కనపడాలని అన్నాడు.

రెండు నెలలు గడిచాక ఆమెకు పులివెందుల నుంచి పిలుపు వచ్చింది. ఆరోగ్యం కోసం కొత్త పనులు చేస్తున్న యువతీ యువకుల సభ. తోడు రమ్మంది, పోయాను. ముద్దనూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో గిన్నెను గుడ్డ సంచిలో పెట్టుకుని, దారి పొడుగునా ఏదో వల్లె వేసుకుంది. సభలో ఒకరు ఫోను యాప్ చూపించారు, ఒకరు గాల్లో ఎగిరే యంత్రం బొమ్మ చూపించారు. ఈమె వంతు వచ్చింది.

వేదిక మీద ఉన్న పెద్దాయన మర్యాదగానే అడిగాడు. "మీ ఇన్నొవేషన్ ఏంటమ్మా?"

ఆమె గిన్నె చూపించింది. "ఇది సార్. మేము శుక్రవారం తోమల్యా. కొళాయి రాకముందర తోమినాం."

"అంతేనా?"

"అంతే సార్. ఇంకేం ఉండాల?"

ముందు వరుసలో నవ్వులు లేచాయి. ఆమె మొహం ఎర్రబడింది గానీ గిన్నె దించలేదు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక ఆశా కార్యకర్త లేచింది. నడివయసు మనిషి, చెప్పులు చేతిలో ఉన్నాయి. "సార్, మా ఊర్లో శుక్రవారం ఎందుకు తోమరో నాకు ఇన్నేండ్లూ తెలీదు. సోమరులనుకుని తిట్టినా. ఈ పాప సెప్పినాకే తెలిసింది," అని కూర్చుంది. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు.

తిరుగు బస్సులో గిన్నెను మళ్లీ గుడ్డ సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుంది. ముద్దనూరు దాటాక అడిగింది. "నేను సెప్పింది సాల్లేదా అవ్వా? అందరూ శానా సేపు మాట్లాడినారు."

"రెండు నిమిషాల పది సెకన్లు మాట్లాడావు. సరిపోయింది," అన్నాను. అప్పుడు నవ్వింది.

ఇంతవరకూ నేను ఆమె గురించి రాశాను. ఇక నా గురించి కొంత రాయక తప్పదు.

వంతు పొద్దున తొట్లు అడుగంటుతాయన్నది ఆమె లెక్క. అయిదారుగురు ఉన్న ఇళ్లకు అది సరిపోతుంది. మా ఇంట్లో ఒక్కదాన్ని. మూడు రోజులకు నా తొట్టిలో పావు వంతు కూడా తగ్గదు. తోమాలంటే మిగిలిన నీళ్లన్నీ చెంబుతో ముంచి పోయాలి. ఇది నేను ఆమెకు చెప్పలేదు, ఆమెకు తట్టలేదు. మొదట్లో కష్టపడి ముంచి పోశాను. తరువాత మోకాలు పట్టేసింది. ఒక వంతుకు, నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అని, తోమకుండానే మీటరు కింద గీత పెట్టాను. పుస్తకంలోకీ ఎక్కించాను. ఏమీ కాలేదు కాబట్టి తరువాతి సారీ పెట్టాను. మూడోసారి ఆలోచించను కూడా లేదు.

ఆ పిల్లలు ప్రతి ఇంటికీ పోయి గీత నిజమో కాదో గిన్నె ముంచి చూసేవాళ్లు. మా ఇంటికి మాత్రం రాలేదు. ఒకరోజు కవలల్లో ఒకడు లోపలికి రాబోతే, వీధిలోంచే ఆమె అనడం విన్నాను. "అవ్వ గీత పెట్టిందంటే ఇంక సూసే పనే ల్యా. నడువు."

లేచి పిలిచి ఉండవచ్చు. పిలవలేదు.

మేనకోడలు రోజూ మధ్యాహ్నం మా పెరట్లోనే ఆడుకునేది.

జ్వరం వచ్చింది ఆదివారం. సాయంత్రం నాలుగు పదికి ఆ పిల్ల పాపను భుజాన వేసుకుని వీధి దాటి వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు. "అవ్వా, రాసుకో," అంది.

రాసుకున్నాను. అదే సాయంత్రం ఆస్పత్రిలో చూపించి రక్తపరీక్ష చేయించారు. డెంగీయే. ఇంట్లో ఉంచి నీళ్లు, జావ బాగా తాగించమన్నారు, ఏ గుర్తులు కనపడితే వెంటనే తీసుకురావాలో చెప్పి పంపించారు. సోమ, మంగళ, బుధ. పూటకు రెండుసార్లు ఆమె ఎదురింటి గుమ్మంలోంచి జ్వరం ఎంతో అరిచి చెప్పేది, నేను రాసేదాన్ని. గురువారం ఉదయం ఏడింటికి జ్వరం లేదు. ఆ పిల్ల తల్లి సంతోషంతో సేమియా కాచింది. నాకూ ఒక గిన్నెడు పంపింది.

గిన్నె వెనకాలే ఆ పిల్ల వచ్చింది. "మొదలై ఎన్ని గంటలైంది అవ్వా?"

"ఎనభైయారు గంటల యాభై నిమిషాలు."

"వదినకు గూడా నాలుగో దినమే," అంది. వెనక్కి పోయి పాప అరికాళ్లు పట్టుకుని చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పాప లేచి కూర్చునే ఉంది గానీ నిద్రమత్తుగా ఉంది, పొద్దుటి నుంచి ఒంటేలు పోలేదట. అరికాళ్లు చల్లగా ఉన్నాయి. నేను ఉన్నానని ఆ పిల్ల తల్లి ఉర్దూలో కాకుండా తెలుగులోనే అంది. "జ్వరం తగ్గిన బిడ్డను ఎవరైనా ఆస్పత్రికి ఎత్తుకపోతారా? కాసింత తిననీ."

"తగ్గినందుకే పోతాండా అమ్మీ. ఆటో పిలువు."

ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. రెండు రోజులు కష్టంగా గడిచాయి. తరువాత పాప కోలుకుంది. ఇంకొన్ని గంటలు ఆగి తెచ్చి ఉంటే చెప్పలేమని డాక్టరమ్మ అన్నదట.

ఆటో పోయిన పూటే నేను పెరట్లోకి పోయి తొట్టి అంచున కూర్చున్నాను. ఆమెలాగే ఊపిరి బిగబట్టాను. నిమిషం గడవకముందే పైకి వచ్చాయి. నేను లెక్కపెట్టలేకపోయాను. జీవితంలో లెక్కపెట్టనిది అదొక్కటే. మోకాలు ఎలా సహకరించిందో తెలియదు, నూట అరవై రెండు చెంబులు ముంచి పోసి, గోడలు రుద్దాను.

పాప ఇంటికి వచ్చిన మరునాడు ఆ పిల్లను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. పుస్తకం తెరిచాను.

"ఈ మూడు గీతలు అబద్ధం," అన్నాను.

ఆమె మూడింటినీ వేలితో ముట్టి చూసింది. "ఈ మూడేనా?"

"మూడే."

"తొట్టిలో ఉన్నాయా?"

"ఉన్నాయి."

ఆమె గీతల పక్కనున్న తేదీలు ఒక్కొక్కటే చదివింది. తరువాత మెల్లగా అంది. "ఆ దోమ నీ తొట్టిదేనని దాని మింద రాసుండదు అవ్వా. మగ్గం మామ కొడుక్కి ముందే జ్వరమొచ్చె. యాడిదో ఎవరికి తెలుసు." లేచి మెట్లు దిగింది. దిగినాక వెనక్కి తిరిగింది. "కాదని గూడా రాసుండదు."

నేను కలం తీసి ఆ మూడు గీతలనూ కొట్టెయ్యబోయాను. ఆమె మళ్లీ మెట్లెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టెయ్యొద్దు. ఉండనీ."

ఎనిమిది రోజులు మా ఇంటికి రాలేదు. రెండు వంతులు నీళ్లు వచ్చాయి, పోయాయి. వీధిలో ఎదురుపడితే తల ఊపేది, అంతే. తొమ్మిదో రోజు పొద్దున తనే వచ్చి, ఏమీ జరగనట్టు అరుగు మీద కూర్చుని కొత్త పద్ధతి చెప్పింది. ఇక మీద ఎవరి ఇంటికి వాళ్లు గీత పెట్టుకోకూడదు. కుడివైపు ఇంటివాళ్లు వచ్చి ఎడమవైపు ఇంటి తొట్టి చూసి గీత పెట్టాలి.

"నీ మింద కోపంతో పెట్టల్యా ఈ రూలు," అంది. "కోపం ఉండాది. అది వేరే."

నేను పుస్తకం తెరిచి ఆ రూలు రాసుకున్నాను.

"నువ్వే తప్పు గీత పెట్టినావంటే ఇంకెవురైనా పెడతారు. మనకు మన తొట్టిలో పురుగు కనపడదు అవ్వా. పక్కోళ్ల తొట్టిలోదైతే టార్చి లేకుండా కనపడతాది."

నా తొట్టి సంగతి కూడా తేల్చింది. బిందెలు పెట్టుకుని తొట్టి వదిలెయ్యమంది, మామగారు కట్టించిందని నేను ఒప్పుకోలేదు. అయితే వంతుకు ముందటి రోజు సాయంత్రం నేతగాయన మా తొట్టిలో మిగిలిన నీళ్లన్నీ పట్టుకుపోయి నూలు చుట్టిన కండెలు నానబెట్టుకోవాలని ఏర్పాటు చేసింది. ఆయన ఇప్పటికీ పట్టుకుపోతున్నాడు. "మా చీరల్లో సగం తడి అవ్వది," అంటాడు.

కొత్త పద్ధతి తేలిగ్గా సాగలేదు. వీధి చివరి వ్యాపారస్థుల ఇంటావిడ, పక్కింటి తురకలావిడ వచ్చి తమ తొట్టిలో గిన్నె ముంచడమేమిటని తలుపు దగ్గరే ఆపేసింది. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా గోడ మీదుగా కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లే. కానీ తొట్టి వేరు, మడి వేరు. ఆ పిల్ల వాదించలేదు. వీధంతా తిరిగి అటకల మీదా, మూలల్లోనూ పడి ఉన్న పాత తెల్ల గిన్నెలన్నీ పోగుచేసి ఇంటికొకటి ఇచ్చింది. నాకు మాత్రం తన గిన్నే ఇచ్చింది. ఆ ఇంటావిడతో, "ముంచేది మీరే అక్కా. ఆమె సూస్తాది, అంతే. సూపుకు మైల ల్యా కదా," అంది. ఆవిడ గిన్నె ముంచింది. రెండు తలలూ ఒక గిన్నె మీదికి వంగాయి. వీధిలో నిలబడే నాకు ఆవిడ గొంతు వినిపించింది. "కనపడిందా?"

ఆ యేడు మా వీధిలో జ్వరాలు రాలేదని రాయను. వచ్చాయి, నా పుస్తకంలో ఉన్నాయి. చావు మాత్రం రాయవలసిన అవసరం రాలేదు.

మరుసటేడు ఆమెకు జమ్మలమడుగులో పెళ్లయింది. మేనకోడలు తనతోనే ఉండాలని ముందే అడిగి ఒప్పించుకుంది. పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివాళ్లను, మీ ఇంట్లో నీళ్లు ఎక్కడ పట్టుకుంటారని కూడా అడిగిందట. అక్కడా తిరుగుతోంది. పులివెందుల ఆశా కార్యకర్త అప్పుడప్పుడూ ఫోను చేస్తుందని చెప్పింది.

నాలుగంగళ్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చిన మంగళవారం సాయంత్రం నేనే ఫోను చేశాను. గిన్నెకు మచ్చ పడిందని, మరొకటి దొరకలేదని చెప్పాను.

"మచ్చ ఎంతుండాది?"

"ఆవగింజలో సగం."

"ఉండనీ అవ్వా. మచ్చ ఉంటే రెండుసార్లు సూస్తావు."

వెనకాల గొడవగా ఉంది. ఫోను చేతులు మారింది. మేనకోడలు. రెండో తరగతి చదువుతోంది. బాగున్నావా అని అడగలేదు.

"అవ్వా, మీ తొట్టి ఎవురు సూసినారు ఈసారి?"

"మగ్గం తాత చూశాడు."

"నువ్వు సూసుకోల్యా కదా?"

"లేదు."

"ఏమన్నా కనపడిందంటనా?"

"ఏమీ లేవన్నాడు."

"రాసినావా?"

రాశానని చెప్పాను. ఫోను పెట్టేశాక పుస్తకం తీశాను. మంగళవారం పంక్తిలో కొంచెం చోటు మిగిలి ఉంది. అక్కడ ఇలా రాశాను: గిన్నెకు మచ్చ. చూసిన సమయం ఏడుంబావు. పడిన రోజు తెలియదు.

ఈ పుస్తకంలో 'తెలియదు' అని రాయడం ఇదే మొదటిసారి.